కుడి చెవి మీద నా సంతకం

ఆడియాలజీ చదువు పూర్తిచేసి రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఈమధ్య తరచు ఫోన్ చేస్తున్నారు. "మేడమ్, లైసెన్సుకి ఏమేం కావాలి?" అని అడుగుతున్నారు. ఆ జాబితా చెప్పడం తేలిక. గుర్తింపు ఉన్న కాలేజీ డిగ్రీ, ఇంటర్న్‌షిప్ చేసినట్టు పత్రం, రిజిస్టరులో పేరు, కొన్నేళ్లకోసారి రెన్యువల్, దానికోసం సెమినార్లలో కూర్చుని తెచ్చుకున్న పాయింట్లు. ఇకమీదట రాష్ట్రానికి వేరే కౌన్సిల్, వేరే రిజిస్టరు అంటున్నారు. అదొస్తే ఇంకో ఫారం. ఇవన్నీ మీ ఫోన్లోనే దొరుకుతాయి, నన్ను అడగనక్కర్లేదు.

నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఈ కాగితాలన్నీ సక్రమంగా ఉండి, రెన్యువల్ ఒక్క రోజు కూడా తప్పని ఆడియాలజిస్టు ఒక మనిషి బతుకును ఎలా పాడుచేయగలదో నాకు బాగా తెలుసు. ఆ ఆడియాలజిస్టు నేనే.

నంబరు ఎవరిది

నేను విశాఖపట్నంలో పని మొదలుపెట్టిన రోజుల్లో చెవి అందరి సొత్తు. వినబడని పిల్లాడి చెవిలో వెల్లుల్లి నూనె పోసేవాడు ఒకడు, తాయెత్తు కట్టేవాడు ఒకడు, కళ్లజోళ్లతోపాటు వినికిడి యంత్రాలు అమ్మేవాడు ఇంకొకడు. "మేనమామకీ ఐదేళ్లకే మాటొచ్చింది, వీడికీ వస్తుంది" అని ధైర్యం చెప్పి పంపే పెద్దమనుషులు వేరే. ఆ ధైర్యం ఖరీదు పిల్లాడి మాట. మాట నేర్చుకునే వయసు దాటిపోయాక నా ముందు తెచ్చి కూర్చోబెట్టిన పిల్లల ముఖాలు ఇప్పటికీ నన్ను వదలవు.

అందుకే లైసెన్సు ఉండాలని సభల్లో మాట్లాడాను. పత్రికలకు రాశాను. ఎదుటివాళ్ల వాదన కూడా గట్టిదే. "పద్మనాభం మండలంలో ఒక్క ఆడియాలజిస్టు లేడు. చట్టం తెచ్చి ఉన్నవాళ్ల చేతులు కట్టేస్తే ఆ ఊళ్లవాళ్లు ఎక్కడికి పోవాలి?" అని ఒక సభలో ఒకాయన నన్ను నిలదీశాడు. "డాక్టరు లేడని కసాయి చేత ఆపరేషన్ చేయిస్తారా?" అన్నాను. చప్పట్లు మోగాయి. నాకు ఆ రోజు గెలిచినట్టే అనిపించింది. చప్పట్లు వచ్చినంత మాత్రాన జవాబు సరైనదని కాదు. ఆ మనిషి ప్రశ్నకు నేను నిజంగా జవాబు చెప్పనేలేదు.

నా అభిప్రాయం ఒక్క ముక్కలో ఇది. లైసెన్సు నంబరు మీ ఆస్తి కాదు. మీ ఎదురుగా కూర్చున్న మనిషికి మీరిచ్చిన మాట. "నీ చెవి గురించి నేను రాసినదానికి నేనే జవాబుదారీ" అనే మాట. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించి రోజూ చూసుకునేవాళ్లకు అది ఎవరికిచ్చిన మాటో గుర్తుండదు. నాకు గుర్తులేదు.

మొహమాటం

సత్యారావు గారిది ఆనందపురం. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి పోర్టు వర్క్‌షాపులో చేరినప్పుడు పక్క బల్ల మీద పనిచేసినాయన. నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. రిటైరయ్యాక ఆయన ఒక వినికిడి పరీక్షల సెంటరు పెట్టాడు. బోర్డు మీద రిజిస్టరైన ఆడియాలజిస్టు పేరు, నంబరు ఉండాలి. నేను నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పూర్తికాలం ఉద్యోగంలో ఉన్నాను.

"అమ్మాయ్, శనివారం పూట ఓ గంట వచ్చి సూసి పో. నీ పేరు బోర్డు మీదుంతే సాలు. మీ నాన్నుంతే నాను నిన్ను అడగాల్సిన పనే లేదు" అన్నాడు.

కాదనలేకపోయాను. ఇందులో నేను ఒక్క పైసా తీసుకోలేదు. అదే నా గొప్ప అనుకున్నాను. డబ్బు తీసుకుని నంబరు అద్దెకిచ్చేవాళ్లను చూసి అసహ్యించుకునేదాన్ని. మొహమాటానికి ఇచ్చినా బోర్డు కింద జరిగేది అదే పని అని అప్పట్లో తోచలేదు. తాయెత్తులు కట్టే బాబాలను సభలో ముఖం మీదే ప్రశ్నించగలిగిన దాన్ని, ఇంట్లో కూర్చుని కాఫీ తాగే ఒక పెద్దాయనకు "వద్దు" అని చెప్పలేకపోయాను. మీలో చాలామంది పడబోయే గొయ్యి ఇదే. లంచం ఇవ్వబోయేవాణ్ని గుర్తుపడతారు. బాబాయిని గుర్తుపట్టలేరు.

సెంటరులో పరీక్షలు చేసేది సూరిబాబు. నలభై దాటినవాడు, ముందు మందుల కంపెనీకి తిరిగేవాడు. చెయ్యి నెమ్మది, మాట మర్యాద. మిషను మీద ఏ మీట నొక్కాలో నేనే చూపించాను. శనివారం నాటికి వారం కాగితాలు బల్ల మీద పేర్చి ఉంచేవాడు. నేను సంతకాలు పెట్టేదాన్ని. మనుషులు ఎప్పుడో వెళ్లిపోయి ఉండేవారు.

విజయదశమి నాడు నా ప్రసంగం

ఆ సంవత్సరం విజయదశమి నాడు సెంటరులో ఆయుధపూజ. రమ్మన్నారు, వెళ్లలేదు. అదే సమయానికి ఒక హాల్లో హేతువాదుల సభలో నా ప్రసంగం ఉంది. యంత్రానికి నూనె వేయడం మానేసి బొట్టు పెట్టే జాతి ఎప్పుడు బాగుపడుతుందని నిలదీశాను. ముప్పై మంది వచ్చారు, మెచ్చుకున్నారు. మంచి ప్రసంగమే. కానీ ఆ వేళ నేను ఉండవలసింది ఆ హాల్లో కాదు.

ఇక్కడ మా పనిముట్టు గురించి కొంచెం చెప్పాలి. ఆడియోమీటరు అనే పెట్టె నుంచి రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు వస్తాయి. కుడి చెవిది ఎరుపు, ఎడమది నీలం. సన్నని ధ్వనులు పంపుతాం. వినబడితే మనిషి వేలెత్తుతాడు. ఎంత తక్కువ ధ్వనికి వేలెత్తాడో గ్రాఫు గీస్తాం. చేతితో చేసే పని అంతే, వారంలో ఎవరికైనా వస్తుంది. చెబితే తప్ప ఎవరికీ తోచనిది ఒకటుంది. ప్రతి ఉదయం మొదటి మనిషి రాకముందు ఆ హెడ్‌ఫోన్లు మన చెవులకు పెట్టుకుని ఒక్కో ధ్వనీ వినాలి. రెండు నిమిషాల పని. మిషను నిజం చెబుతోందో లేదో తెలుసుకునే మార్గం అదొక్కటే. కాలేజీలో మొదటి వారం నేర్పిస్తారు. నేను సూరిబాబుకు మీటలు నేర్పాను, ఇది నేర్పలేదు.

పద్దెనిమిది కాగితాలు

దసరా దాటిన వారం ఉక్కు ఫ్యాక్టరీకి కూలీలను పంపే ఒక కాంట్రాక్టరు, గేటు పాసుల రెన్యువల్ కోసం పద్దెనిమిది మందిని సెంటరుకు పంపాడు. శనివారం నేను పద్దెనిమిది సంతకాలు పెట్టాను. ఫోనులో మాట్లాడుతూ పెట్టాను.

నెల తర్వాత ఆసుపత్రిలో నా గదికి ఒక మనిషి వచ్చాడు. పద్మనాభం దగ్గరి పల్లె నుంచి వచ్చిన పైడినాయుడు. వయసు ముప్పై అయిదుంటుంది. క్రేను కింద నిలబడి పైనున్న డ్రైవరుకు చేతులతో సైగలు చేసే సిగ్నల్‌మ్యాన్. కాగితం నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం తమరిదేనామ్మా?"

"నాదే."

"మరి తమర్ని నాను సూడ్డం ఇదే. ఆ రోజు నాకు టెస్టు సేసినాయనకి మీసాలున్నాయి."

నవ్వబోయి ఆగిపోయాను. అతను నవ్వడం లేదు.

"కుడి సెవి పోనాదని రాసేరు. మిగతావోళ్లకీ అలగే వొచ్చిందట, వోళ్లని స్టోర్సులోకి మార్సేరు. క్రేను కింద నిలబడేవోడికి ఎనకనించి హారను ఇనబడకపోతే పేనం పోతాదని నన్ను గేటు బయటెట్టేసేరు. ఏటమ్మా ఇది? నాను ఫోను ఎట్టుకునేదే ఆ సెవికి. మా ఇంటిది వొంటింట్లో గొణుక్కున్నా ఇనబడిపోతాది నాకు."

వెంటనే పరీక్ష చేశాను. రెండు చెవులూ చక్కగా ఉన్నాయి.

ఆ సాయంత్రం సెంటరుకు వెళ్లి పద్దెనిమిది కాగితాల నకళ్లు బల్ల మీద పక్కపక్కన పరిచాను. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ తెలియదు. పక్కన పెడితే చదువురానివాడికి కూడా తెలుస్తుంది. ఎడమ చెవి ఎలా ఉన్నా పద్దెనిమిది మందికీ కుడి చెవి పోయింది, పద్దెనిమిది మందికీ ఒకే తీరు. రోగం అలా రాదు. హెడ్‌ఫోను కుడి కప్పు మీది మెత్త తీసి చూశాను. ధ్వని బయటికి వచ్చే సన్నని కన్నాల మీద గంధం, దాని మీద కుంకుమ. ఆరి రాయిలా గట్టిపడింది. కప్పు ఎరుపు కావడంతో ఆ ఎరుపు ఎవరికీ కనబడలేదు.

"పండగ పూట మిషనుకి బొట్టెడితే తప్పేటమ్మాయ్? లారీకెట్టమా, బస్సుకెట్టమా?" అన్నాడు సత్యారావు బాబాయ్.

"లారీకి ఇంజన్లో పెట్టరు బాబాయ్."

సూరిబాబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "పంతులుగారు ఎక్కడ సెయ్యి పడితే అక్కడ ఎట్టుకుంటా పోనారు మేడమ్. పొద్దున్నే నా సెవికెట్టుకొని ఇనాలని నాకెవులు సెప్పేరు? మీరు సెప్పేరా?"

చెప్పలేదు.

నాలాంటి వాళ్లకు ఇక్కడ ఒక సుఖమైన దారి ఉంది. తప్పంతా కుంకుమ మీదకు నెట్టి ఇంకో ప్రసంగం చేయవచ్చు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ హేతువు అనేది ఎదుటివాడి నమ్మకాన్ని కొట్టే కర్ర కాదు. ముందు మన పని మీద మనం వేసుకోవలసిన ప్రశ్న. కుంకుమ కాకపోతే చెమట అడ్డుపడేది, తీగ తెగేది. మిషను పాడవడం సహజం. పాడైన మిషను మాట మీద చూడని మనిషి చెవిటివాడని సంతకం పెట్టింది పంతులు కాదు, నేను. పూజ చేసినవాళ్లు మిషనును నమ్మారు. నేనూ దాన్ని పరీక్షించకుండా నమ్మాను. వాళ్లకూ నాకూ తేడా ఏమిటో నాకు కనబడలేదు.

ఒక్క అబద్ధపు వాక్యం

చేయవలసింది స్పష్టంగా ఉంది. "ఈ పద్దెనిమిది పరీక్షలూ నేను చేయలేదు, మిషను చెడింది, ఇవి చెల్లవు" అని కాంట్రాక్టరుకు రాయాలి. రాస్తే నా నంబరుకు ముప్పు. అప్పుడే నా రెన్యువల్ దరఖాస్తు కౌన్సిల్ దగ్గర ఉంది. అందులో మీపై వృత్తిపరమైన ఫిర్యాదు ఏదైనా ఉందా అనే ప్రశ్న ఉంటుంది. లేదని టిక్కు పెట్టి పంపి ఉన్నాను.

"ఆ ఒక్కడికీ కొత్త కాయితం రాసిచ్చీ తల్లీ. మిగతావోళ్లు పన్లోనే ఉన్నారు గదా. నీ నంబరు పోతే ఇద్దరం పోతాం" అన్నాడు సత్యారావు బాబాయ్. ఆయన కళ్లల్లో నీళ్లు. మా నాన్న పేరు మళ్లీ ఎత్తాడు.

రాసిచ్చాను. "తిరిగి పరీక్షించగా ప్రస్తుతం కుడి చెవి వినికిడి సాధారణంగా ఉంది." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. మొత్తం వాక్యం అబద్ధం. మొదటి కాగితం తప్పని అందులో లేదు.

పైడినాయుడు దాన్ని పట్టుకుని పరుగున వెళ్లాడు. మర్నాడు కాంట్రాక్టరు దగ్గరి సేఫ్టీ ఆఫీసరు నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, పోయిన చెవి నెల్లో బాగైపోద్దాండీ? ఆ మందేదో మాకూ చెప్పండి, ఇక్కడ చాలామందికి కావాలి."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"రెండు కాగితాల మీదా సంతకం మీదే. ఇందులో కొనుక్కున్నది ఏదండీ?"

అప్పుడైనా చెప్పవచ్చు. "మళ్లీ పరీక్షలో తేడాలు వస్తుంటాయండీ" అన్నాను. ఆ మాటతో పైడినాయుడు చెవిటివాడి నుంచి మోసగాడయ్యాడు. దొంగ సర్టిఫికెట్ తెచ్చాడని అతని పేరు జాబితాలోంచి కొట్టేశారు. చెవిటివాడిగా ఉంటే ఎప్పటికైనా స్టోర్సులో చోటు దొరికేదేమో.

నా రెన్యువల్ మూడు నెలలకు వచ్చింది. వచ్చిన మర్నాడు కాంట్రాక్టరుకు నిజం రాశాను. ఆ వరస ఇక్కడ దాచకుండా రాస్తున్నాను. ముందు నంబరు, తర్వాత నిజం.

ఫారం లేని తప్పు

ఉత్తరం అందాక కాంట్రాక్టరు స్టోర్సులో ఉన్నవాళ్లను మళ్లీ పంపాడు. ఒక్కొక్కరినీ నేనే పరీక్షించాను. ఇద్దరికి నిజంగా లోపం ఉంది, అది రెండు చెవుల్లోనూ. మిగతావాళ్లు పాత పనికి వెళ్లారు. పైడినాయుడి చోటులో అప్పటికే వేరే మనిషి చేరాడు. "ఖాళీ లేదండీ" అన్నారు.

సెంటరు బోర్డు మీంచి నా పేరు తీసేయించాను. సత్యారావు బాబాయ్ మా ఇంటికి రావడం మానేశాడు. సూరిబాబును పనిలోంచి తీసేశారు. మొత్తం వ్యవహారంలో శిక్ష పడిన ఉద్యోగి అతనొక్కడే, నేర్పని పని చేయనందుకు. ఆ రోజు సభలో నేను చప్పట్లతో కొట్టేసిన ప్రశ్నకు జవాబు అప్పుడు తోచింది. సూరిబాబులు ఎలాగూ ఉంటారు, ఊళ్లకు వాళ్లు కావాలి కూడా. వాళ్లకు చదువు చెప్పి, ఇంతవరకు చేయవచ్చని రాసిచ్చి, వాళ్ల పేరుతోనే సంతకం పెట్టనివ్వాలి. నాలాంటి వాళ్ల నంబరు కింద వాళ్లను దాచడమే అసలు నేరం.

నా మీద నేనే కౌన్సిల్‌కు రాశాను. చాలాకాలం జవాబు లేదు. నేనే ఫోన్ చేస్తే ఒక ఉద్యోగి ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"మీ మీద పేషెంటు ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు కదా మేడమ్. మీ రెన్యువల్ క్లియర్‌గా ఉంది. పాయింట్లు కూడా ఎక్కువే ఉన్నాయి."

"నేనే ఇస్తున్నాను కదా."

"ఎవరి మీద వాళ్లు ఇచ్చుకోడానికి మా దగ్గర ఫారం లేదు మేడమ్."

నేను సెమినార్లలో కూర్చున్న గంటలన్నీ వాళ్ల దగ్గర లెక్కగా ఉన్నాయి. ఒక్క ఉదయమైనా హెడ్‌ఫోను చెవికి పెట్టుకున్నానా అని అడిగే గడి ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. రేపు రాష్ట్ర కౌన్సిల్ కొత్త నియమాలు రాస్తే, ఆ గడి చేర్చమని మీరు పోట్లాడండి. నా తరం పోట్లాడలేదు. మేము నంబరు తెచ్చుకున్నాం, దాన్ని కాపాడుకున్నాం.

మల్కాపురంలో

పైడినాయుడు కుటుంబంతో మల్కాపురం వచ్చేశాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాను. ఇనుప పలకలు గ్రైండింగ్ చేసే చిన్న షెడ్డు. లోపల అడుగుపెడితే నా పళ్లు జివ్వుమన్నాయి. అతను చెవుల్లో దూది పెట్టుకుని పనిచేస్తున్నాడు.

"ఇక్కడ గేటు పాసు అక్కర్లేదమ్మా. సెవి టెస్టు అసలే అక్కర్లేదు" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, ఉన్న సంగతి చెప్పాడు.

మంచి ఇయర్ ప్లగ్గులు తీసుకెళ్లాను. తీసుకున్నాడు. "ఇవెట్టుకుంతే మేస్త్రీ కేక ఇనబడదు. ఇనబడకపోతే తిడతాడు. సూత్తాను" అన్నాడు. అడుగుతూ ఉండేదాన్ని. పెట్టుకునేవాడు కాదు. రెండు మూడుసార్లు వేరే పనులు చూశాను, నిలవలేదు. దొంగ కాగితం తెచ్చినవాడన్న మాట అతనికంటే ముందే ఆ గేట్లకు చేరేది.

ఏళ్లు గడిచాక, నేను రిటైరవడానికి ముందు సంవత్సరం భార్య గౌరమ్మ అతన్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఈసారి కావలసింది వేరే కాగితం. వికలాంగుల పింఛను కోసం మెడికల్ బోర్డుకు చూపించడానికి వినికిడి లోపం ఎంత శాతమో రాసివ్వాలి. ముఖంలోకి చూస్తూ మాట్లాడితేనే అతనికి అర్థమవుతోంది. షెడ్డులో కూడా ఉంచుకోలేదట. ఇనుప పలకలు, లారీలు కదిలే చోట పిలిస్తే పలకని మనిషిని ఎవరు ఉంచుకుంటారు?

ఆ ఉదయం హెడ్‌ఫోన్లు నేను విన్నాను. తలుపు నేనే మూశాను. మొదటి ధ్వని నుంచి చివరిదాకా నేనే నొక్కాను. రెండు చెవులూ పోయాయి. కానీ పింఛనుకు కావలసినంత పోలేదు. కొంచెంలో ఆగింది. మళ్లీ చేశాను. మూడోసారి చేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొట్టమొదటిసారి, నా ఎదురుగా కూర్చున్న మనిషి చెవి ఇంకాస్త చెడి ఉంటే బాగుండునని కోరుకున్నాను. మూడుసార్లూ అదే లెక్క వచ్చింది.

గౌరమ్మకు చెప్పాను. ఆమె నా బల్ల మీది కాగితం వైపు వేలు చూపించింది.

"అప్పుడు లేంది రాసేరు గదమ్మా. ఇప్పుడు ఉన్నదానికి ఇంకో రవ్వ కలిపి రాయడానికి సెయ్యి రాదేటి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వాదనలు చాలా ఉన్నాయి. కాగితం ముందుకు లాక్కున్నాను. వచ్చిన శాతమే రాశాను. కింద పేరు, నంబరు, సంతకం. న్యాయంగా సంపాదించుకున్న సంతకాల్లో అదొకటి. దాన్ని పెట్టినప్పుడు నాకు గర్వం లేదు, ఇప్పటికీ లేదు. అయినా మళ్లీ రాయమంటే అదే రాస్తాను. మిమ్మల్నీ అదే రాయమంటాను. కాగితం మళ్లీ ఒకసారి అబద్ధమాడితే, ఆ తర్వాత నా ఎదురు కుర్చీలో కూర్చునేవాడి మాట ఎవరూ నమ్మరని నాకు ఇదివరకే తెలిసింది.

పైడినాయుడు మా ఇద్దరి పెదవుల వంకా మార్చి మార్చి చూశాడు. "ఏటంతన్నారే?" అని భార్యను అడిగాడు.

"సాలదంట" అంది ఆమె.

"ఏటి?"

ఆమె లేచి, అతని కుడి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచింది. ఆ మాట అతనికి వినబడేసరికి, బయట వరండాలో వంతు కోసం కూర్చున్న వాళ్లందరికీ వినబడింది.